మౌసు ఎవరి చేతిలో ఉంది?
(పల్లెలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో కంప్యూటర్ల గురించి మాట్లాడతామంటే మనవాళ్లే కొందరు నవ్వారు. "కూలికి పోతేగాని పొయ్యి రాజని కొంపల్లో కోడింగు సంగతి ఎందుకయ్యా" అన్నారు. ఆ మాటకి జవాబు చెప్పడానికే వచ్చాం.

ముందు మేం కళ్లారా చూసింది చెబుతాం. ఒక హైస్కూల్లో కంప్యూటర్ గది ఉంది. తాళం చెవి బీరువాలో ఉంది. తనిఖీకి అధికారి వస్తున్నాడంటేనే గది తెరుస్తారు. ఆ రోజు గది ఊడ్చింది మన పల్లె పిల్లలు. ముందు కూర్చుని మౌసు పట్టింది ఎవరి పిల్లలో మీకు మేం చెప్పక్కర్లేదు. మనవాళ్లు వెనకాల నిలబడి చూశారు. అంబేద్కర్ చిన్నప్పుడు ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద బడిలో విడిగా కూర్చున్నాడు. ఇవాళ గోనెపట్టా పోయింది. వెనక వరస మాత్రం మిగిలింది.

కోడింగంటే ఏంటి? యంత్రానికి అర్థమయ్యేట్టు, వరస తప్పకుండా ఆజ్ఞలు రాయడం. అంతే. తరతరాలుగా మనకి ఆజ్ఞలు వినడమే నేర్పారు. ఇక్కడ మన పిల్ల ఆజ్ఞ ఇస్తే యంత్రం వింటుంది. కోడింగ్ రాగానే ఉద్యోగాలు వచ్చిపడతాయని మేం అబద్ధం చెప్పం. కానీ ఆజ్ఞ ఇవ్వడం అలవాటైన పిల్ల తల వంచుకుని నిలబడదు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు ఇచ్చారు. మంచిదే. కానీ ట్యాబులో పాఠం చూడటం వేరు, యంత్రంతో పని చేయించడం వేరు. మొదటిది చూపించింది చూడటం. రెండోది మన బుర్రతో మనం చేయడం. ఈ తేడా బాగా ఎరిగినవాడు సేమూర్ పేపర్ట్. దక్షిణాఫ్రికాలో పుట్టిన తెల్లవాడు, అక్కడి జాతివివక్షకి ఎదురు నిలిచినవాడు. 1967లో ఆయనా, ఆయన తోటివాళ్లూ పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషని తయారుచేశారు. పిల్లలు చెప్పినట్టల్లా తెర మీద తాబేలు నడిచి బొమ్మ గీస్తుంది.

కంప్యూటర్ లేదు కదా అంటారేమో. మొదటి పాఠాలకి కంప్యూటరే అక్కర్లేదు.

ఒక ఆట చెబుతాం. ఒక పిల్లని తాబేలు చెయ్యండి. "పదడుగులు ముందుకు నడువు, కుడికి తిరుగు. ఇట్లా నాలుగుసార్లు" అనండి. చదరం తిరిగి మొదలైన చోటికే వస్తుంది. మూడుసార్లే అంటే ఇంకో మూలన ఆగిపోతుంది. తప్పు ఎక్కడుందో అందరికీ కనపడుతుంది. సరిచేసి మళ్లీ నడిపిస్తారు. ఇక్కడ తప్పుకి బెత్తం దెబ్బ లేదు. "మీకు చదువులెందుకురా" అనే తిట్టు లేదు. తప్పు వెతికి దిద్దుకోవడమే ఈ విద్యలో సగం పని.

ఇంకోటి. అయిదు అట్టముక్కల మీద 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టండి. అయిదుగురు పిల్లల్ని అదే వరసలో నిలబెట్టి తలా ఒక అట్ట ఇవ్వండి. చుక్కలు చూపిస్తే ఒకటి, తిప్పిపెడితే సున్నా. అంబేద్కర్ పుట్టిన తేదీ 14 కావాలా? 8, 4, 2 చూపించండి, 16నీ 1నీ తిప్పెయ్యండి. 01110 అయింది. ఈ అయిదు అట్టలతో సున్నా నుంచి 31 దాకా ఏ అంకె అయినా వస్తుంది. కంప్యూటర్ లోపల లెక్కలన్నీ ఈ ఒకటీ సున్నాలతోనే నడుస్తాయి. ఇది బ్రహ్మవిద్య కాదు. మన పిల్లలకి ఒక పూటలో వస్తుంది.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. 2024 అసర్ సర్వే దేశంలోని గ్రామాల్లో 14–16 ఏళ్ల పిల్లల్ని అడిగింది. స్మార్ట్ ఫోను వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోను ఉన్న మగపిల్లలు 36.2 శాతం, ఆడపిల్లలు 26.9 శాతం. అంటే ఇంట్లో మనమూ వెనక వరస తయారుచేస్తున్నాం. కొడుక్కి ఫోను, కూతురికి చీపురు. పంతుల్ని అడిగే ముందు మన గడపలోనే ఈ సంగతి తేల్చుకోవాలి.

మరి బడిలో ఏం అడగాలి? 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా కోడింగ్ పనులు ఉంటాయని రాసింది. కాగితం మీద ఉన్నది మన బడిలో ఉందా అని అడుగుదాం. కంప్యూటర్ గదికి ఏ తరగతి ఏ రోజు వెళ్తుందో గోడకి అంటించమందాం. ఇద్దరికి ఒక కంప్యూటర్ అయితే ఒకరు చెప్పాలి, ఒకరు కొట్టాలి, పది నిమిషాలకోసారి చోటు మారాలి. గది ఊడ్చే వంతు ఉంటే అందరికీ ఉండాలి, లేకపోతే ఎవరికీ వద్దు.

ఎక్కడ అడగాలి? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగంమంది ఆడవాళ్లు ఉండాలి. బలహీనవర్గాల వాళ్లకి వాళ్ల పిల్లల సంఖ్యని బట్టి చోటు ఉండాలి. ఇది ఎవరో పెట్టే భిక్ష కాదు, చట్టం. వేలిముద్ర వేసి రావడానికి కాదు, నోరు విప్పడానికి ఆ కమిటీకి వెళ్దాం.

ఒకప్పుడు అక్షరం మనకి అంటకుండా దాచారు. ఇవాళ కంప్యూటర్ గది తాళం చెవి బీరువాలో ఉంది. ఈ వారమే బడికి పోయి ఒక్క మాట అడుగుదాం: "అయ్యా, ఆ గది ఎప్పుడు తెరుస్తారు? మా పిల్ల వంతు ఎప్పుడు?"

జవాబు వచ్చేదాకా గుమ్మం దిగొద్దు.

జై భీమ్.