మతి మరిచినా మనసు ఉంటుంది
(కళ్యాణదుర్గం మహిళలతో చెప్పిన మాటలు)



ఈరోజు ఒక జబ్బు గురించి మాట్లాడుకుందాం. దీని పేరు అల్జీమర్స్. పలకడం కష్టంగా ఉందా? అల్‌ - జీ - మర్స్. కూడబలుక్కుంటే వస్తుంది.

మన పల్లెల్లో దీనికి వేరే పేర్లు పెడతారు. "ముసలిదానికి చాదస్తం" అంటారు. "గాలి సోకింది" అంటారు. "కోడల్ని సాధించేకి నాటకాలాడుతోంది" అంటారు. అవేవీ నిజం కావు. ఇది మెదడుకు వచ్చే జబ్బు. కాలు విరిగితే నడవలేము. అట్లే మెదడు పాడవుతూ వస్తే జ్ఞాపకం నిలవదు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఇది ఎవరి పాపమూ కాదు.

ఈ పేరు ఎట్లా వచ్చింది? 1901లో జర్మనీ దేశంలో, ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఒక ఆమెను తెచ్చారు. ఆమె పేరు ఆగస్టె డెటర్. వయసు 51 ఏళ్లు. ఆమెను చూసిన డాక్టరు అలోయిస్ అల్జీమర్. "నీ పేరు రాయమ్మా" అని ఆయన అడిగాడు. ఆమె "శ్రీమతి" అని రాసింది. ఆ తర్వాత ఏం రాయాలో మరిచిపోయింది. సంతకం నేర్చుకోవడానికి మనమెంత కష్టపడ్డామో మనకు తెలుసు. వచ్చిన సంతకం పోతే ఎట్లుంటుందో ఆలోచించండి. ఆమె 1906లో చనిపోయింది. ఆ ఏడాదే ఆ డాక్టరు ఈ జబ్బు సంగతి తోటి డాక్టర్లకు చెప్పాడు. ఆయన పేరే జబ్బుకు నిలిచింది.

మన దేశంలో కూడా ఇది తక్కువేమీ కాదు. 2023లో ఒక పరిశోధన వివరాలు వచ్చాయి. 60 ఏళ్లు దాటినవారు 100 మంది ఉంటే, వారిలో సుమారు ఏడుగురికి మతిమరుపు జబ్బులు ఉన్నాయని తేలింది. మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. ఈ మతిమరుపు జబ్బుల్లో ఎక్కువగా వచ్చేది అల్జీమర్సే.

ఈ జబ్బులో కొత్త సంగతులు ముందు పోతాయి. పాత సంగతులు చాలాకాలం ఉంటాయి. పొద్దున తిన్న సంగటి గుర్తుండదు. చిన్నప్పటి కరువు గుర్తుంటుంది. అడిగిందే మళ్లీ అడుగుతారు. తెలిసిన దారి తప్పుతారు. ఆఖరికి కన్నబిడ్డను చూసి "నువ్వెవరమ్మా?" అంటారు.

ఆ మాట వింటే గుండె చెరువవుతుంది. "మా అమ్మకు నేనే గుర్తులేను. ఇంక పోయి ఏం లాభం?" అనుకుంటాము. అక్కడే మనం పొరపాటు పడతాము. ఈ జబ్బు ఉన్నవారిని డాక్టర్లు పరీక్షించి చూశారు. జరిగిన సంగతి మరిచిపోయినా, అది కలిగించిన సంతోషమో, దుఃఖమో కొంతసేపు మనసులో నిలుస్తుందని తెలుసుకున్నారు. మీరు వచ్చిపోయింది అమ్మకు గుర్తుండదు. కానీ మీరు తల దువ్విన హాయి ఉంటుంది. మీరు కసిరిన బాధ కూడా ఉంటుంది.

మరి ఎట్లా మాట్లాడాలి? సాయంత్రమైతే అమ్మ మూట కట్టుకుంటుందనుకోండి.

"నేను మా ఇంటికి పోవాల. మాయమ్మ ఎదురు చూస్తాంటాది."

"మీయమ్మ చచ్చి ముప్పై ఏండ్లాయె! ఇది నీ ఇల్లే కదా!" అంటే ఏమవుతుంది? తల్లి చనిపోయిన కబురు అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది. రేపు మళ్లీ అడుగుతుంది. మళ్లీ ఏడుస్తుంది.

అట్లా కాకుండా పక్కన కూర్చోండి. చెయ్యి పట్టుకోండి. "మీయమ్మ నీకు ఏం చేసి పెట్టేదమ్మా?" అని అడగండి. మాట పాతరోజుల్లోకి పోతుంది. భయం తగ్గుతుంది. ఆమెకు కావలసింది ఇల్లు కాదు, ధైర్యం.

"నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకండి. "అమ్మా, నేను నీ చిన్నకూతురిని, వచ్చినా" అని మీరే చెప్పండి. ఒకసారి ఒక మాటే చెప్పండి. జవాబుకు ఆగండి.

మాట పోయినా చేతులకు పని గుర్తుంటుంది. శెనక్కాయలు ఒలవమని ముందు పెట్టండి. కొర్రలు, చేట ఇవ్వండి. సరిగా చేయకపోయినా ఏమీ అనకండి. రాగులు విసిరేటప్పుడు పాడిన పాట ఎత్తుకోండి. మాటలు రానివారు కూడా పాట అందుకుంటారు.

మనలో చాలామంది పనికోసం బెంగళూరుకు పోతాము. అమ్మానాయనలు ఊళ్లో ఉంటారు. రోజూ ఒకే వేళకు ఫోను చేయండి. మొదట మీ పేరు చెప్పండి. ఏం తింటివని అడగకండి, ఆ మాట గుర్తుండదు. పాత ముచ్చట్లు మాట్లాడండి.

మీరు నేర్చిన అక్షరాలు ఇక్కడ పనికొస్తాయి. ఒక చీటీ మీద నాయన పేరు, ఊరి పేరు, మీ ఫోను నంబరు రాయండి. ఆయన చొక్కా జేబులో పెట్టి కుట్టండి. దారి తప్పినా ఎవరైనా చదివి ఇల్లు చేరుస్తారు. ఇంకో మాట. మతి తప్పిన ముసలివారి చేత పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించేవారు ఉంటారు. ఏ కాగితమైనా మీరు చదవనిదే వేయనివ్వకండి.

మతిమరుపు మొదలైతే ముందు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ వల్ల, బి12 విటమిన్ తక్కువై, దిగులు వల్ల కూడా మతిమరుపు వస్తుంది. అది మందులతో తగ్గవచ్చు. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. బాధలు కొంత తగ్గించే మందులు ఉన్నాయి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించవచ్చు. బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. సలహా కోసం టెలీమానస్ నంబరు 14416. ముసలివారి సాయం నంబరు 14567.

చివరిగా మీ సంగతి. ఈ సేవంతా ఒక్క కోడలి మీదో, ఒక్క కూతురి మీదో పడుతుంది. నిద్ర ఉండదు. కోపం వస్తుంది. అది సహజమే. కోపం వచ్చినప్పుడు కాసేపు బయటికి పోయి రండి. అన్నదమ్ములను కూర్చోబెట్టి వంతులు అడగండి. కన్నవారు అందరికీ కన్నవారే కదా! ఆస్తికి వంతు ఉన్నప్పుడు సేవకు వంతు ఎందుకు ఉండదు?

మనకు నడక నేర్పినప్పుడు అమ్మ ఎన్నిసార్లు చెప్పిన మాటే చెప్పింది? మనకవి గుర్తులేవు. ఆ ప్రేమ మాత్రం మనలో ఉంది. అమ్మకూ అంతే. మన పేరు పోయినా మన ప్రేమ చేరుతుంది.

సెలవు.