బెంగుళూరు టెలివిజన్ న్యూజెర్సీలో
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణానికీ పిల్లల నాటికకూ నడుమ కొంచెం వ్యవధి ఉన్నదనీ, ఆ వ్యవధిలో మన ఇంటి టెలివిజన్‌ను దూరదేశంలో ఉన్న పిల్లలు చూచుకొనే సాధనం గురించి నాలుగు మాటలు చెప్పమనీ కార్యదర్శిగారు కోరారు. నేను సాహిత్యపరుణ్ణి కాను. ఉద్యోగకాలమంతా టెలిఫోను పరికరాల మరమ్మతుతో గడిపినవాణ్ణి. అంచేత నా మాటల్లో తీగలూ, పోగులూ ఎక్కువగా కనిపిస్తే మన్నించండి.

నా చిన్నతనంలో, 1960 తరువాతి సంవత్సరాలలో, మా ఇంట ఒక అలవాటు ఉండేది. రాత్రి భోజనాలయ్యాక మా నాన్నగారు ట్రాన్సిస్టరు రేడియోను కిటికీ గట్టుమీద పెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ విజయవాడ కేంద్రాన్ని పట్టేవారు. పగలు పలకని విజయవాడ రాత్రి పలికేది. ఆకాశంలో ఎత్తున ఉండే ఒక పొర పగటి ఎండవేళ మధ్యతరంగాలను మింగివేస్తుందనీ, రాత్రి ఆ పొర పోయాక ఇంకా పైనున్న మరొక పొర వాటిని తిరిగి నేలమీదికి పంపుతుందనీ నేను తరువాత చదువుకొన్నాను. మా అమ్మ చదువుకోలేదు. “పగలంతా వాళ్ళకూ పనులుంటాయి కదురా” అనేది. రేడియోను ఈశాన్యానికి సరిపెడితే మాట తేటగా వినిపించేది. పక్కింటి కన్నడం మేష్టారు కూడా వచ్చి కూర్చునేవారు, సంగీత కచేరీ ఉన్న రోజున.

అప్పుడు ఇల్లు వదలి వచ్చినవాళ్ళం మనం. ఇప్పుడు మన ఇల్లు వదలి వెళ్ళినవాళ్ళు మన పిల్లలు. వాళ్ళకు ఇల్లంటే నెల్లూరూ కాదు, అనంతపురమూ కాదు. బెంగుళూరే. మా అమ్మాయి 2008లో పెళ్ళయి న్యూజెర్సీ వెళ్ళింది. అక్కడ నెలచందా కడితే తెలుగు ఛానళ్ళు రాకపోలేదు. కాని దానికి తెలుగు సీరియలూ కావాలి, కన్నడ వార్తలూ కావాలి. మన వీధిలో నీళ్ళు నిలిచాయని కన్నడ వార్తల్లోనే కదా చెబుతారు! అక్కడివారు ఈ భాషకొక పొట్లం, ఆ భాషకొక పొట్లం కట్టి అమ్ముతారు. రెండు భాషల ఇంటిని పొట్లంగా కట్టి అమ్మేవాడు ఎక్కడున్నాడు? ఆ ఇల్లు ఉన్నచోటినుంచే దాన్ని పంపాలి.

అట్లా పంపే సాధనం అప్పటికే ఒకటి ఉన్నది. దాని పేరు స్లింగ్‌బాక్స్. కాలిఫోర్నియాలో బ్లేక్ క్రికోరియన్, జేసన్ క్రికోరియన్ అనే అన్నదమ్ములు దాని కర్తలు. వారికి శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే బేస్‌బాల్ జట్టంటే ప్రాణం. 2002లో ఆ జట్టు చక్కగా ఆడుతూ ఉంటే, ఊళ్ళు తిరుగుతున్న ఈ సోదరులకు ఆటలు చూసే వీలు లేకపోయింది. చందా కట్టిన టెలివిజన్ ఇంట్లో ఉన్నది, కట్టినవాడు వేరే ఊళ్ళో ఉన్నాడు! ఆ బాధలోనుంచి పుట్టిన పెట్టె 2005 జూన్‌లో అంగళ్ళకు వచ్చింది. వెల సుమారు 250 డాలర్లు. 2007లో ఆ సంస్థను ఎకోస్టార్ కంపెనీవారు కొన్నారు. వారి ఇంజనీర్లు కొందరు ఇక్కడ, మన బెంగుళూరులోనే పనిచేసేవారు. వారిలో మనవాళ్ళు ఎందరో నాకు తెలియదు కాని, ఒక్కడూ లేడంటే నేను నమ్మను.

ఆ పెట్టె చేసే పని చెబుతాను. సెట్‌టాప్ బాక్సు వెనుకనుంచి పసుపు, ఎరుపు, తెలుపు పోగులు మూడు వస్తాయి గదా, బొమ్మకొకటి, శబ్దానికి రెండు. వాటిని ఈ పెట్టెలో గుచ్చాలి. అది బొమ్మనూ మాటనూ నలిపి చిన్నవి చేసి, ఇంటి ఇంటర్నెట్‌ద్వారా బయటికి పంపుతుంది. దూరాన ఉన్నవారు కంప్యూటర్‌మీదగాని ఫోన్‌మీదగాని చూస్తారు. ఇంత మాత్రమే అయితే పెద్ద విశేషం లేదు. పెట్టెనుంచి మరొక సన్నని తీగ వస్తుంది, దాని కొసను చిన్న దీపం ఉంటుంది. కంటికి కనిపించని దీపం. దాన్ని సెట్‌టాప్ బాక్సు కన్నుకు ఎదురుగా అంటించాలి. అక్కడ అమ్మాయి తన తెరమీద బొమ్మ రిమోటును నొక్కితే, ఇక్కడ ఈ దీపం మిణుకుమని, మన బాక్సులో ఛానలు మారుతుంది. అంటే పెట్టె వెళ్ళి మన రిమోటును ఒకదాన్ని అమ్మాయి చేతిలో పెట్టినట్టే.

మన దేశపు టెలివిజన్ పద్ధతి పాల్, అమెరికావారిది ఎన్.టి.ఎస్.సి. అంచేత అల్లుడు అమెరికాలో కొనబోతే నేను ఆపి, లండన్ మీదుగా వస్తున్న బంధువుచేత ఇంగ్లండులో అమ్మే రకం తెప్పించాను. 2010 దసరాకు పెట్టె మా ఇంట కాలుపెట్టింది.

ఇక బిగించడంలో మూడు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు నా అహంకారం తినేసింది. ఇంటర్నెట్ వేగం చాలునా అని చూసి, నాలుగు మెగాబిట్లు ఉన్నది, పుష్కలం అనుకొన్నాను. అక్కడ అమ్మాయికి బొమ్మ గళ్ళుగళ్ళుగా, మనుషులు ముక్కలుముక్కలుగా కనిపించారు. సంగతేమంటే, కంపెనీవారు గొప్పగా చెప్పేది మన ఇంటికి వచ్చే వేగం. ఈ పెట్టెకు కావలసింది మన ఇంటినుంచి పోయే వేగం. మన ఇంటికి నీళ్ళు తెచ్చే గొట్టం లావు, బయటికి పోయే తూము సన్నం. ఆనాటి టెలిఫోను తీగల ఇంటర్నెట్‌లో ఆ తూము ఒక మెగాబిట్‌కు మించేది కాదు. టెలిఫోనుల్లో తలపండినవాణ్ణి, నాకు ముందే తట్టవద్దూ? చివరికి బొమ్మ నాణ్యం తగ్గించి సర్దుకొన్నాము. లెక్క కావలసినవారికి చెబుతున్నాను. ఒక మెగాబిట్ చొప్పున గంటసేపు పంపితే 450 మెగాబైట్లు ఖర్చవుతాయి. నెలకు ఇంత అని కొలిచి ఇచ్చే కనెక్షన్ అయితే ఈ లెక్క ముందే వేసుకోండి.

రెండవ చిక్కు రౌటరుది. బయటినుంచి వచ్చే పిలుపు ఇంట్లో ఏ యంత్రానికో రౌటరుకు తెలియదు. ఇంటిలోపల పెట్టెకు మారని నంబరు ఒకటి ఇచ్చి, 5001 అనే ద్వారంలో వచ్చే పిలుపంతా ఆ నంబరుకే పంపమని దానికి నేర్పాలి. ఇది నేర్పాక బొమ్మ వచ్చింది. ఫోన్‌లో అమ్మాయి, “నాన్నా, మన ఇంటి టి.వి.! కింద మన కేబులువాడి ప్రకటనలు కూడా వస్తున్నాయి!” అన్నది. ప్రకటనలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకొన్న మనిషిని అదే మొదటిసారి వినడం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా ఇంట టెలివిజన్ ఒకటే, సెట్‌టాప్ బాక్సూ ఒకటే. అమ్మాయి అక్కడ ఛానలు మారిస్తే ఇక్కడా మారుతుంది. మా ఇంటావిడ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు సీరియల్ చూస్తూ ఉంటుంది. అత్తగారు చెంప వాయించబోయే సమయానికి తెరమీద వార్తలు ప్రత్యక్షం! పైగా బొమ్మ అక్కడికి చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. నొక్కింది పనిచేయలేదనుకొని అది మళ్ళీ నొక్కేది. ఇక్కడ ఛానళ్ళు వరుసగా గెంతేవి. “ఏమండీ, మీ అమ్మాయికి చెప్పండి” అని మా ఇంటావిడ కేక. మంచిపని చేస్తే నా అమ్మాయి, చెడ్డపని చేస్తే మీ అమ్మాయి, ఇది అన్ని ఇళ్ళలో ఉన్నదే. తెలిసినవారందరూ ఇంకొక సెట్‌టాప్ బాక్సు తీసుకొని పెట్టెకు విడిగా కట్టమన్నారు. సాంకేతికంగా అదే సరైన సలహా. నెలకు కొద్ది రూపాయలు. నేను రేపు మాపు అంటూ జాప్యం చేశాను.

2011 మే నెలలో అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. పురిటికి మా ఇంటావిడ వెళ్ళవలసింది, వీసా చిక్కు వచ్చి ఆగిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మాయి, “బాగానే ఉన్నానమ్మా, పాప నిద్రపోతోంది, నేనూ పడుకొంటాను” అనేది. జులైలో ఒక మధ్యాహ్నం సీరియల్ మధ్యలో ఛానలు మారింది. మా ఇంటావిడ అలవాటుగా కేక వేయబోయి ఆగి, గోడ గడియారం చూసింది. “ఏమండీ, ఇప్పుడు అక్కడ ఎంత?” అని అడిగింది. వేసవిలో వాళ్ళు మనకు తొమ్మిదిన్నర గంటలు వెనుక. అక్కడ తెల్లవారుజామున నాలుగు. పసిపిల్ల లేచి ఉంటుందిలే అన్నాను. మర్నాడూ అదే. ఆ మర్నాడు పన్నెండింటినుంచి మూడింటివరకు ఎనిమిది సార్లు. ఏ ఛానలూ రెండు నిమిషాలు నిలవలేదు. చూసేవాళ్ళు అట్లా మార్చరు. మా ఇంటావిడ పంచాంగం వెనుక అట్టమీద వేళలు రాయడం మొదలుపెట్టింది. వారంరోజులు రాసి, ఆ అట్ట నా ముందు పెట్టి, “ఇది నిద్రపోవడం లేదు” అన్నది.

ఆ రోజు ఛానలు మారిన నిమిషంలోనే ఫోన్ చేసింది. “ఏమే, ఈ వేళప్పుడు టి.వి. ఏమిటి?” అన్నది అంతే. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత ఏడుపు. పాపను చూస్తే సంతోషం కలగడం లేదనీ, ఎందుకో తెలియదనీ, అల్లుడికి కూడా చెప్పలేదనీ. మన పెద్దలు బాలింత గుణం అని ఊరుకొనేవారు. అది వైద్యం ఉన్న జబ్బు. అల్లుడు మర్నాడే డాక్టరుకు చూపించాడు. సెప్టెంబరులో వీసా వచ్చి మా ఇంటావిడ వెళ్ళింది, ఆరు నెలలు ఉన్నది. అమ్మాయి కోలుకొన్నది. ఈ మాట సభలో చెప్పడానికి దాని అనుమతి తీసుకొన్నాను. “చెప్పు నాన్నా, అక్కడ ఇంకెవరికైనా ఉంటుంది” అన్నది.

ఆ ఆరు నెలలూ ఇక్కడ నేనొక్కణ్ణే. సాయంత్రం వార్తలు పెట్టుకొని కూర్చుంటే, ఉన్నట్టుండి భక్తి ఛానలు వచ్చేది. అక్కడ మా ఇంటావిడ లేచి కాఫీ పెట్టుకొంటున్నదన్నమాట. నేను మళ్ళీ వార్తలు పెట్టేవాణ్ణి. ఆవిడ మళ్ళీ మార్చేది. ముప్పై ఏళ్ళ సంసారంలో మేము పోట్లాడుకొన్నట్టే పోట్లాడుకొన్నాము. రెండవ సెట్‌టాప్ బాక్సు ఊసు తరువాత మా ఇంట ఎవరూ ఎత్తలేదు.

ఆ పెట్టెలను ఆపివేసినట్టు 2020 నవంబరులో ప్రకటన వచ్చింది. రెండేళ్ళ గడువు చెప్పి, 2022 నవంబరు 9న కంపెనీవారు తమ సర్వర్లనూ మూసివేశారు. ముందే చెప్పారు గనుక తప్పు పట్టడానికి లేదు. పెట్టె మన ఇంట్లోనే ఉన్నది, కరెంటు ఉన్నది, తీగలు ఉన్నవి. కాని అమ్మాయి చేతిలోని కార్యక్రమం మన పెట్టెను కలుసుకోవాలంటే ఆ సర్వర్లు మధ్యవర్తిగా ఉండాలి. పోస్టాఫీసు మూస్తే ఎదురింటికి కూడా ఉత్తరం పోనట్టయింది. అయితే ఔత్సాహికుడొకాయన ఆ మధ్యవర్తిత్వం చేసే కార్యక్రమం ఒకటి రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. దాన్ని అరచేయంత కంప్యూటర్‌లో వేసి పక్కన పెడితే మా పెట్టె మళ్ళీ పలికింది.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఒకటి రెండు మాటలు. కొత్త సెట్‌టాప్ బాక్సులలో హెచ్.డి.ఎం.ఐ. తీగనుంచి బొమ్మ తీయబోతే నకలు కాపలా అడ్డు పడుతుంది. కొనేటప్పుడే పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు ఉన్నవో లేవో చూడండి. నెలచందా వద్దనుకొనేవారు డి.డి. ఫ్రీ డిష్ గిన్నె పెట్టుకోవచ్చు. సప్తగిరి, యాదగిరి రెండూ అందులో వస్తాయి. దాని ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది, బెంగుళూరునుంచి గిన్నె ఆగ్నేయానికి తిప్పాలి. ఆ తీగను ట్యూనరుద్వారా చిన్న కంప్యూటర్‌కు ఇచ్చి, టి.వి.హెడ్‌ఎండ్ అనే ఉచిత కార్యక్రమం వేస్తే చాలు. బొమ్మ ఇంకా తేటగా ఉంటుంది. ఇప్పటి ఇంటర్నెట్ కంపెనీలలో చాలామంది పది ఇళ్ళకు కలిపి ఒకే చిరునామా ఇస్తున్నారు. అట్లాంటప్పుడు 5001 కాదు గదా, ఏ ద్వారమూ తెరుచుకోదు. మీకంటూ ఒక చిరునామా అడగండి, లేదా వైర్‌గార్డ్ వంటిదానితో రెండు ఇళ్ళకూ నడుమ సొంత సొరంగం వేసుకోండి. ఇంకొకటి, ఇది ఇంటివారికి మాత్రమే. సంకేతపదాన్ని పది ఇళ్ళకు పంచితే అది చోరవ్యాపారం అవుతుంది.

ట్యూనరు పద్ధతిలో అక్కడివారు ఏది చూసినా ఇక్కడి తెర కదలదు. సుఖం కావలసినవారికి అదే మంచిది. మా ఇంట మాత్రం పాతదే ఉంచుకొన్నాము. మనవరాలికి ఇప్పుడు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అయినా శనివారం మన సాయంత్రంవేళ అమ్మమ్మ సీరియల్ మార్చి క్రికెట్ పెడుతుంది. మా ఇంటావిడ ఫోన్ అందుకొని దాన్ని తిడుతుంది, అది తెలుగులోనే బదులు చెబుతుంది.

పెట్టెను ఒక సంచిలో వేసి తెచ్చాను, ఇవాళ ఆదివారం గనుక వాళ్ళకు అక్కర లేదు. వెనుకనున్న పోగులు చూడదలచినవారు భోజనాలయ్యాక స్టేజి పక్కగదిలోకి రావచ్చు. నాటిక పిల్లలు వేషాలతో ఎదురు చూస్తున్నారు.