కోఠీ సౌధము, కొత్త తరగతులు

హైదరాబాదులో కోఠీ బజారు సందడికి కొద్దిదూరమున, ఎత్తైన స్తంభములతో, మెట్లకు ఇరువైపుల సింహములతో ఒక సౌధము కలదు. నిజాము ఆస్థానమున కంపెనీ ప్రతినిధియైన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో దీనిని కట్టించెను. 1857 జూలైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ల వెంట జనులు దాడి చేసినది ఈ రెసిడెన్సీ మీదనే. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఇచ్చటికి వచ్చెను. పరప్రభుత్వపు ప్రతినిధి కొలువుదీరిన చోట మన ఆడపిల్లలు పాఠములు చదువుకొనిరి. 2024లో ఇచ్చటి మహిళా విశ్వవిద్యాలయమునకు చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి.

విద్యార్థినులు పెరిగినకొలది ప్రయోగశాలలు, వసతిగృహములు కావలెను. ఆ అవసరమును కాదనలేము. అట్లని పాతదానిని పడగొట్టవలెనా? లేక తాళము వేసి చూచుచు కూర్చుండవలెనా? రెండును తగవని మా అభిప్రాయము.

ముందుగా ఆ గోడల స్వభావమును తెలిసికొందము. మన పాత మండువా లోగిళ్ల వలెనే అవి సున్నముతో కట్టినవి. గానుగ సున్నము గాలి పీల్చును. గోడలో చేరిన తడి మెల్లగా బయటికి ఆరిపోవును. దానిపై సిమెంటు పూసినచో తడి లోపలనే నిలుచును. నీటితో వచ్చిన లవణములు గట్టిపడి, పూతను పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టును. బలమునకని పూసినదే చేటు తెచ్చును. కావున సున్నపు గోడకు సున్నమే మందు. అది ఆరుటకు రోజులు పట్టును. తెలిసిన మేస్త్రీ కావలెను. 2002లో ప్రపంచ స్మారకనిధి సంస్థ ఈ సౌధమును ఆపదలో నున్న కట్టడముల పట్టికలో చేర్చినది. అటుపిమ్మట మరమ్మతులకు ఏండ్లు పట్టినవన్న ఆశ్చర్యమేమి?

ఇక కొత్త వసతుల మాట. విద్యుత్తు తీగలకై గోడలను చీల్చక, పైపైన గొట్టములలో నడిపింపవచ్చును. మెట్లెక్కలేనివారికై వాలుదారిని గోడకు తగులకుండ విడిగా నిలుపవచ్చును. నీటి తొట్లను పాత కప్పుపై మోపరాదు. బరువైన యంత్రములు గల ప్రయోగశాలలను దూరముగా, సౌధమును కప్పివేయని ఎత్తులో కట్టవలెను. నేడు మనము చేర్చినది రేపు మచ్చ పడకుండ తీయుటకు వీలుండవలెను. ఈ ఒక్క నియమము చాలవరకు దారి చూపును.

మరి పాత గదులను ఏమి చేయవలెను? వానిని ఉపన్యాసములకు, గ్రంథపఠనమునకు, ప్రదర్శనలకు వాడుకొనవలెను. మూసిన ఇంట కప్పు కారినను చూచువారుండరు. దినదినము కూర్చుండి చదువుకొను పిల్ల మొదటి చుక్క పడగానే చెప్పును. ఏటేట తొలకరికి ముందు తూములు శుభ్రము చేయించి, కప్పుమీది రావిమొక్కలను పెరికించుటకు అయ్యెడి ఖర్చు స్వల్పము. దానిని ఒక పదేండ్లు మానినచో అయ్యెడి ఖర్చును ఏ విశ్వవిద్యాలయమును సులభముగా భరింపజాలదు.