తీగ పలికిన గమకము



నేను బడిలో తెలుగు చెప్పి విశ్రమించినవాడను. హైదరాబాదునకు తూర్పున ఎల్.బి.నగరమున మా నివాసము. 2018లో మెట్రోరైలు మా పేటకు వచ్చినది. మా మనుమడు ఆ బండిలో దిల్‌సుఖ్‌నగరమునకు పోయి పరీక్షలకు చదువుకొనుచు, సాయంకాలము గిటారు నేర్చుచున్నాడు.

గిటారు ఆఱు తంత్రుల వాద్యము. హార్డ్ రాక్ అను పాశ్చాత్యసంగీతమున, పాట నడుమ గాయకుడు ఊరకుండగా, ఆ వాద్యమే వైణికుని యాలాపనవలె కొంతసేపు మాటలాడును. దానిని సోలో అందురు. 1971లో లెడ్ జెప్లిన్ బృందము వెలువరించిన ‘స్టెయిర్‌వే టు హెవెన్’ పాటలో జిమ్మీ పేజ్ వాయించిన సోలోను మావాడు సాధనకు గైకొనెను.

రాత్రులందు ఆ మ్రోత విని నేను, “ఏమిరా యీ రొద! పరీక్షలు ముగియువఱకు దీనిని అటకమీద బెట్టుము” అని కసరితిని. వాడు మాఱుపలుకక అట్లే చేసెను. మూడు దినములు భోజనమువేళ తలయెత్తలేదు. నాకును ముద్ద దిగలేదు.

నాలవనాడు నేనే వానిని బిలిచి, “ఆ పాట యేదో వినిపింపుము” అంటిని. చెవియొగ్గి విందునుగదా, అందు ముఖ్యముగా వినవచ్చునవి యైదు స్వరములే: సగమపని. మన శుద్ధధన్యాసి స్వరములు! నేను సిగ్గుపడితిని.

వాద్యము దింపించి వాయింపుమంటిని. వ్రేళ్లు వడిగా పరుగిడినవి గాని ప్రాణము లేదు. తంత్రిని ప్రక్కకు నెట్టినచో బిగువు హెచ్చి స్వరము పైకెక్కును. వీణపై తంత్రిని లాగి పలికించు గమకమును ఇట్టిదే. రెండు మెట్ల పైనున్న స్వరమును వాడు అందుకొనవలయును. ఒకమాఱు దిగువనే నిలిచెను, ఒకమాఱు మీఱిపోయెను.

“ముందు పైమెట్టున మీటి, ఆ స్వరమును గొంతుతో పాడుము. పిదప క్రిందిమెట్టున తంత్రిని నెట్టి దానిని గలుపుము” అంటిని.

“మా గురువుగారును ఇదే చెప్పినారు, తాతయ్యా. పాడుటకు సిగ్గుపడితిని” అనెను.

ఇరువురము కలసి పాడితిమి. ఉంగరపువ్రేలు నెట్టునపుడు వెనుక రెండు వ్రేళ్లు తోడుండవలయునని వాడు నాకు జూపెను. పద్యము చదువువాడు పాదమునకు పాదమునకు నడుమ ఊపిరి పీల్చునట్లు, సంగతికి సంగతికి నడుమ ఊరకుండుమని నేను వానికి జెప్పితిని.

మన పాలకొల్లున 1969లో బుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, విద్యుత్తుతో మ్రోగు మాండలిన్‌పై కర్ణాటకసంగీతమును పలికించి లోకమును మెప్పించెను. పరదేశపు వాద్యమని తలుపు మూసియుండినచో ఆ నాదము మనకు దక్కెడిదా?

ఇప్పుడు పగలు చదువు, సాయంకాలము ఒక గంట గిటారు. పదిమాఱులలో నాలుగుమాఱులు గమకము నేటికిని తప్పును. తప్పినప్పుడు మాత్రము వాడే ఆగి, మరల పాడి చూచుకొనును. సాధన యనగా అదియే.

పెద్దలారా, మీ యింట పిల్లవాడు తెలియని వాద్యము పట్టినచో, ముందు ఒక సాయంకాలము కూర్చుండి వినుడు. రొద యనుటకు ఆవల తీరిక యుండనే యున్నది.

సెలవు.