చక్రాల కుర్చీ వ్యాను వరకు చేరునా?



నడువలేని మనిషిని పట్నమునందలి ఆసుపత్రికి తీసికొనిపోవు తీరు మీరెల్లరును చూచియే యుందురు. ఇద్దరు చంకల క్రింద చేతులు వేసి ఎత్తుదురు. మూడవ మనిషి కాళ్లు పట్టుకొనును. ఎట్లో ఆటోలోనికి చేర్చి ఒరగబెట్టుదురు. చక్రాల కుర్చీ మాత్రము ఇంటి అరుగుమీదనే మిగిలిపోవును. ఆసుపత్రివద్ద మరల దించుట, మరల ఎత్తుట. పరులచేత ఇట్లు ఎత్తించుకొనలేక వైద్యమునే వాయిదా వేసికొనువారు కలరు. స్త్రీలకు ఈ బాధ మరింత ఎక్కువ.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 2 కోట్ల 68 లక్షలమంది దివ్యాంగులు కలరు. వారిలో 1 కోటి 86 లక్షలమంది గ్రామవాసులే. కావున ఇది పట్నవాసుల సమస్య యని మనము ప్రక్కకు నెట్టరాదు.

కూర్చున్న మనిషిని కుర్చీతోసహా ఎక్కించుకొను వ్యానులు నేడు కలవు. వాని నిర్మాణమును తెలిసికొనుట మంచిది, ఏలయన పేరు చూచి మోసపోవుటకు అవకాశము కలదు. భవనములకు వాలుదారి, అనగా ర్యాంపు, కట్టునపుడు ఒక అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు ఉండవలెనని నియమము. వ్యాను నేల రెండున్నర అడుగుల ఎత్తున ఉన్నదనుకొందము. ఆ లెక్కన 30 అడుగుల పలక కావలెను. బండికంటె పలకయే పొడవగును! అందుచేత కొన్ని వ్యానులలో వెనుకభాగపు నేలను క్రిందికి దించి, మడచిపెట్టదగిన పొట్టి పలకను అమర్చుదురు. దానిపై వాలు కొంత ఎక్కువగనే యుండును గనుక వెనుకనుండి తోయుటకు బలమైన మనిషి అవసరము. మరికొన్నిటిలో కుర్చీని నిలువుగా పైకెత్తు లిఫ్టు ఉండును. ఇందు శ్రమ తక్కువ. ఖర్చును, మరమ్మతులును ఎక్కువ.

ఎక్కించినంతమాత్రమున పని తీరలేదు. కుర్చీకుండు బ్రేకులను నమ్ముకొని ప్రయాణము చేయరాదు. కుర్చీ చట్రమును ముందు రెండు, వెనుక రెండు, మొత్తము 4 పట్టీలతో వ్యాను నేలకు బిగింపవలెను. కూర్చున్నవారి నడుమునకును భుజమునకును వేరుగా బెల్టు ఉండవలెను. ముఖము ముందువైపునకే ఉండవలెను. పట్టీలకు మారుగా కొబ్బరితాడు చాలునను డ్రైవరును మీరు ఒప్పుకొనకుడు. ఉన్న బండినే మార్పించదలచినచో రవాణాశాఖ అనుమతి పొంది, ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రమున నమోదు చేయింపవలెను.

ఇట్టి వ్యానును కొనుట చిన్న పంచాయతీకి తలకు మించిన భారమే. అయితే ఇరుగుపొరుగు గ్రామములు నాలుగైదు కూడి ఒకదానిని కోరవచ్చును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, వాహనములను మార్పించుటకును, దివ్యాంగులు అందుబాటు ఖర్చుతో రాకపోకలు సాగించుటకును పథకములను రూపొందించు బాధ్యతను ప్రభుత్వములపై ఉంచినది. గ్రామసభ తీర్మానముతో అడిగినపుడు ఈ మాటను కూడ వ్రాయుడు. అది దయాభిక్ష కాదు, హక్కు.

ఇక వ్యాను వచ్చినదనుకొందము. అది సిమెంటు రోడ్డుమీద నిలుచును. ఇంటికిని రోడ్డుకును నడుమ మురుగుకాలువ యుండును. పాత రోడ్డుమీదనే కొత్త రోడ్డు వేయుటచేత ఎన్నో ఇండ్ల వాకిళ్లు పల్లమైనవి. ఆ రెండు గజముల దూరము దాటలేక కుర్చీ ఆగిపోయినచో లక్షల ఖరీదుగల వ్యాను ఏమి ప్రయోజనము? కాలువపై గట్టి పలక, దానికి ఇరువైపుల సరియైన వాలు—ఇవి పంచాయతీ చేతిలోని పనులు.

పంచాయతీ కార్యాలయము సంగతియు చెప్పక తప్పదు. ప్రభుత్వ భవనములను దివ్యాంగులకు అనువుగా మార్చుటకు చట్టము ఇచ్చిన 5 ఏండ్ల గడువు 2022లోనే ముగిసినది. ఆరేసి అంగుళముల మెట్లు మూడున్నచోట ఎత్తు అడుగున్నర. ర్యాంపు 18 అడుగుల పొడవుండవలెను. మేము చూచిన కొన్నిచోట్ల ఆరడుగులలో ముగించినారు. అవి మోటారుసైకిళ్లను వరండాలోనికి ఎక్కించుటకు బాగుగా ఉపయోగపడుచున్నవి! చోటు చాలనపుడు మధ్యను చదునైన అరుగు విడిచి వాలుదారిని మళ్లించి కట్టవచ్చును. ప్రక్కల పట్టుకొనుటకు కమ్మీలు అమర్చుడు.

వచ్చే గ్రామసభకు ముందు ఒక ఉదయము చక్రాల కుర్చీ వాడువారి నొకరిని అడిగి, వారి సమ్మతితో, వారి గడపనుండి పంచాయతీ కార్యాలయమువరకు వెంట నడువుడు. కుర్చీ ఆగిన ప్రతి చోటును సుద్దతో గుర్తు పెట్టుడు. ఆ గుర్తుల లెక్కను సభలో చదివి, అంచనాలను అచ్చటినుండియే ప్రారంభింపుడు.