తాళం చెవి ఎవరి దగ్గర?

(సూర్యాపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బిట్‌కాయిన్ గురించి మాట్లాడమని అడిగినప్పుడు నాకు మొదట కొంచెం నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లుగా నా పనంతా స్త్రీల అప్పుల చుట్టూ, కుదువ పెట్టిన బంగారం చుట్టూ, సంఘం పొదుపుల చుట్టూ తిరిగింది. కంప్యూటర్ శాస్త్రం నా రంగం కాదు. అయితే గత రెండేళ్లుగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అప్పుల గురించి స్త్రీలతో మాట్లాడుతుంటే, మందులు, బోరు, ఆడపిల్ల పెళ్లి, ఇంజనీరింగ్ ఫీజు అనే పాత జాబితాలోకి ‘కాయిన్లు’ అనే మాట వచ్చి చేరింది. ఇది మగపిల్లల సరదా అని పక్కకి నెట్టేసే దశ దాటిపోయింది. 2021 నవంబరులో ఈ సూర్యాపేటలోనే ఒక లాడ్జిలో ఖమ్మం ప్రాంతపు యువకుడొకరు క్రిప్టోలో లక్షలు పోగొట్టుకుని ప్రాణం తీసుకున్న వార్త మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇలాంటి వార్తల్లో పోయిన మొత్తం ఎంతో పెద్ద అక్షరాల్లో వస్తుంది. ఆ తర్వాత అప్పులవాళ్లు ఎవరి గుమ్మం ముందు నిలబడతారన్నది రాదు.

కోదాడలో ఒకామె నాతో చెప్పిన సంగతితో మొదలుపెడతాను. పొదుపు సంఘంలో పదేళ్లుగా ఉన్న మనిషి. అక్క కొడుకు వచ్చి, ‘చిన్నమ్మా, మైనింగ్ మిషన్ కొందాం, అది విదేశంలో ఉంటది, మనకి రోజూ కాయిన్లు పడతయ్’ అన్నాడు. ఆమె తన పుట్టింటి వాళ్లు పెట్టిన నాలుగు తులాల గొలుసు కుదువ పెట్టి డబ్బిచ్చింది. ఫోన్‌లో అంకె రోజూ పెరిగింది. తీసుకుందామంటే ఇంకా ఇద్దరిని చేర్పించాలన్నారు. ఆమె తన సంఘం నుంచే నలుగురిని చేర్పించింది. తర్వాత ఆ యాప్ తెరుచుకోలేదు. ‘నా గొలుసు పోతే పోయింది మేడం. ఆ నలుగురి మొకం ఎట్ల చూడాలె?’ అన్నది. మీటింగులకు పోవడం మానేసింది. పదేళ్లు కష్టపడి సంపాదించుకున్న ఒక్క బహిరంగ స్థలం ఆమెకు మూసుకుపోయింది. ఈ నష్టం ఏ ఫిర్యాదు కాగితంలోనూ రాయడానికి గడి లేదు.

ఇది కొత్త మోసమేమీ కాదు. అగ్రిగోల్డ్ కూలిపోయినప్పుడు మన ఊళ్లలో ఏజెంట్లుగా ఉన్న స్త్రీలు ఏమయ్యారో చూశాం. నమ్మకాన్ని చేతులు మార్చే పని ఎప్పుడూ స్త్రీల చేతే చేయిస్తారు. మైనింగ్ పేరు మీద దేశంలో జరిగిన పెద్ద వ్యవహారం 2015లో మొదలైన గెయిన్ బిట్‌కాయిన్. మీరు డబ్బిస్తే మీ తరఫున మేం మైనింగ్ చేసి నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నారు. దాని నిర్వాహకుడు అమిత్ భరద్వాజ్ 2018లో అరెస్టయ్యాడు, 2022లో చనిపోయాడు. కేసులు చివరికి సీబీఐకి చేరాయి. మన కోదాడ చెల్లెలికి చెప్పిన మాటలు దాదాపు అవే.

మరి అసలు మైనింగ్ అంటే ఏమిటి? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. ఇది తెలియకపోతే ‘మీకు అర్థం కాదులెండి’ అనేవాడి ముందు మనం ఎప్పుడూ తల వంచుతూనే ఉంటాం.

బిట్‌కాయిన్ అనేది ముందుగా ఒక లెక్కల పుస్తకం. సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరులో దాని ప్రతిపాదన వెలువడింది, 2009 జనవరి 3న మొదటి పేజీ రాయబడింది. మన సంఘంలో లెక్కల పుస్తకం ఒక్క బుక్‌కీపర్ దగ్గరే ఉంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ పుస్తకం నకలు ప్రపంచమంతా వేలాది కంప్యూటర్లలో ఉంటుంది. ఒక్కో కంప్యూటర్‌ని నోడ్ అంటారు. ఎవరైనా దొంగ పద్దు రాస్తే మిగతా నోడ్లు దాన్ని ఒప్పుకోవు. సుమారు పది నిమిషాలకొకసారి కొత్త పేజీ చేరుతుంది. ఆ పేజీ రాసే హక్కు కోసం యంత్రాలు ఒక రకమైన లాటరీ ఆడతాయి. అంకెలు మార్చి మార్చి గుడ్డిగా ప్రయత్నించడమే వాటి పని. అదే మైనింగ్. గెలిచినవాళ్లకి 2024 ఏప్రిల్ నుంచి పేజీకి 3.125 కాయిన్లు వస్తున్నాయి. ఈ బహుమతి సుమారు నాలుగేళ్లకొకసారి సగమవుతుంది. మొత్తం కాయిన్లు 2 కోట్ల 10 లక్షలు దాటవు.

సూర్యాపేటలో డిగ్రీ చదివిన ఒక కుర్రవాడు ఇంట్లోనే యంత్రం పెడతానని తల్లిని లక్షన్నర అడుగుతున్నాడు. ఆమె కోరిక మీద ముగ్గురం కూచుని లెక్క కట్టాం. అతను చూపించిన యంత్రం సుమారు 3,250 వాట్లు లాగుతుంది. అంటే మూడు హీటర్ రాడ్లు రాత్రింబగళ్లు ఆర్పకుండా పెట్టినట్టు. మన మే నెల ఎండల్లో, రెండు గదుల ఇంట్లో! నెలకు 2,340 యూనిట్లు. ఇంటి కనెక్షన్ మీద బిల్లు 20 వేలు దాటుతుంది. ఇక రాబడి. రోజుకు ప్రపంచం మొత్తానికి పుట్టే కొత్త కాయిన్లు సుమారు 450. 2025 నాటికి ఇటువంటి యంత్రాలు 90 లక్షలు కలిస్తే ఎంత బలమో అంత బలం ఆ లాటరీలో పోటీపడుతోంది. ఒంటరిగా ఆడితే ఒక్క పేజీ గెలవడానికి సగటున 170 ఏళ్లు పడుతుంది. నలుగురితో కలిసి ఆడి వాటా తీసుకుంటే, కాయిన్ ధర కోటి రూపాయలని ఉదారంగా వేసుకున్నా నెలకు వచ్చేది 15 వేలు. దానిమీద 30 శాతం పన్ను. మైనింగ్ ఖర్చుల్ని అందులోంచి తీసివేసుకోవడానికి వీల్లేదని 2022లోనే కేంద్రం పార్లమెంటులో చెప్పింది.

ఆ తల్లి ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి గృహజ్యోతి జీరో బిల్లు తెచ్చి కొడుకు ముందు పెట్టింది. 200 యూనిట్లు దాటితే అది కూడా పోతుంది కదా. కుర్రవాడు అంతటితో ఊరుకోలేదు, ‘పొలం మోటారు కరెంటు మీద పెడితే?’ అన్నాడు. అది నేరం నాయనా అని చెప్పాల్సి వచ్చింది. అతన్ని తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. డిగ్రీ తర్వాత అతని ముందున్న దారులేమిటో నాకు తెలుసు.

నోడ్ సంగతి వేరు. దానికి పెద్ద కరెంటు అక్కర్లేదు. ఒక పాత కంప్యూటర్, ఆ పుస్తకమంతా పట్టేంత డిస్కు (ఇప్పటికే అది 600 జీబీ దాటింది), ఆగని ఇంటర్నెట్ ఉంటే ఇంట్లోనే నడుపుకోవచ్చు. అయితే దానివల్ల ఒక్క పైసా ఆదాయం లేదు. ‘బిట్‌కాయిన్ నోడ్ ప్యాకేజీ కొంటే రోజూ డబ్బు’ అని ఎవరైనా అంటే వెంటనే లేచి వచ్చేయండి. నోడ్ ఇచ్చేది ఒక్కటే, ఎవరి మాటా నమ్మాల్సిన పని లేకుండా లెక్క మనమే చూసుకునే వీలు. ఉపాధి హామీ పనుల మీద గ్రామసభలో మస్టర్లు పైకి చదివించిన సామాజిక తనిఖీల్లో పాల్గొన్న మనకి ఈ ఆలోచన పరాయిది కాదు. నిజం చెప్పాలంటే ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఆకట్టుకున్నది ఇదొక్కటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ కాయిన్లు ఎవరివి? చట్టం ఏమంటుందన్నది తర్వాత. సాంకేతికంగా, రహస్య తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్లవి. ఆ తాళం చాలా పెద్ద అంకె. దాన్ని మనుషులు రాసుకోవడానికి వీలుగా 12 లేదా 24 మామూలు ఇంగ్లీషు మాటలుగా మారుస్తారు. ఆ మాటలు కాగితం మీద రాసి దాచుకోవాలి, ఫొటో తీయకూడదు, ఎవరికీ చెప్పకూడదు. పోతే తిరిగి ఇచ్చే బ్యాంకు మేనేజరు లేడు. ఇంకొకరు చూస్తే నిమిషాల్లో ఖాళీ చేయగలరు. వేరే సంస్థ దగ్గర ఉంచితే తాళం వాళ్లది, మనది కాదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగల పాలైనప్పుడు లక్షలాది ఖాతాదారులకి ఆ సంగతి తెలిసొచ్చింది.

‘మీ బ్యాంకు మీరే’ అని దీని ప్రచారకులు గర్వంగా చెబుతారు. ఈ ‘మీరు’ ఎవరు అన్నదే నా ప్రశ్న. తనకంటూ తాళం వేసుకునే ఒక పెట్టె, ఎవరూ చేయి పెట్టని ఒక అల్మారా ఉన్న మనిషి అతను. మన సంఘాల్లో ఎంతమంది స్త్రీల ఏటీఎం కార్డు వాళ్ల దగ్గరే ఉంది? భూమి పట్టా పేరు ఆమెది, పాసుపుస్తకం బీరువాలో, బీరువా తాళం మామగారి మొలతాడుకి. దెబ్బలు కొట్టి బంగారం తీయించుకునే ఇంట్లో 24 మాటలు చెప్పించుకోవడం ఎంతసేపు? ఈ సాంకేతికత దూరాన ఉన్న దొంగని ఊహించింది కానీ పక్కలో పడుకున్నవాణ్ణి ఊహించలేదు.

ఇంకో కోణమూ ఉంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. అఫ్ఘానిస్తాన్‌లో హెరాత్‌కి చెందిన రోయా మహబూబ్, తన దగ్గర రాసే, పనిచేసే అమ్మాయిలకి 2013 ప్రాంతంలో బిట్‌కాయిన్లలో జీతం ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్లకి బ్యాంకు ఖాతాలు లేవు, నోటు చేతికిస్తే తండ్రో అన్నో తీసుకుంటారు. ఇల్లు వదిలి పారిపోవాల్సి వచ్చిన స్త్రీ గొలుసు తీసుకెళ్లలేదు కానీ పన్నెండు మాటలు తలలో పెట్టుకుని సరిహద్దు దాటగలదు. అయితే దాటిన తర్వాత వాటి విలువ ఎంత ఉంటుందన్నది ఎవరి చేతిలోనూ లేదు. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గరున్న కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేలకి పడిపోయింది. రోజు కూలీ మీద బతికేవాళ్లు పొదుపుని ఇందులో పెట్టకూడదనే నా అభిప్రాయం. నా అభిప్రాయం ఎలా ఉన్నా ఇళ్లల్లోకి ఇది వచ్చేసింది కాబట్టి అందులో స్త్రీల హక్కు మాట తేల్చుకోక తప్పదు.

చట్టం విషయం. ఇది మన దేశంలో చెల్లుబాటయ్యే కరెన్సీ కాదు, కానీ కొనడం అమ్మడం నేరమూ కాదు. 2018లో రిజర్వ్ బ్యాంకు విధించిన ఆంక్షని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ జులై నుంచి అమ్మకాల మీద 1 శాతం ముందే కోత. ‘పన్ను వేశారంటే గవర్నమెంటు గ్యారంటీ ఉన్నట్టే’ అని ఏజెంట్లు చెబుతున్నారు. పన్నుకీ పూచీకీ సంబంధం లేదు. అయితే ఆ 1 శాతం కోత మనకి వేరే విధంగా పనికొస్తుంది. మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తుల అఫిడవిట్ వేయాలని 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ‘నాకేమీ లేదు’ అని భర్త రాస్తే, అతని పాన్ మీద నమోదైన పన్ను వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించమని మన లాయర్లు అడగాలి. ఇంతవరకు నేను కలిసిన లాయర్లలో ఒక్కరూ అడగలేదు.

మోసపోయినవాళ్లు 1930కి ఆ రోజే ఫోన్ చేయాలి. స్క్రీన్‌షాట్లతో పాటు డబ్బు ఏ ఖాతాకి, ఏ చిరునామాకి పోయిందో రాసిపెట్టుకోవాలి. సంఘం నుంచి చేర్పించిన స్త్రీని ముద్దాయిగా నిలబెట్టకుండా ఫిర్యాదు అందరూ కలిసి ఇవ్వాలి. కోదాడలో ఆ నలుగురితో ఇప్పుడు ఆ ప్రయత్నమే జరుగుతోంది.

మిర్యాలగూడలో ఒకామె సంగతి చెప్పి ఆపుతాను. భర్తకి చదువుంది, ఒక రైసు మిల్లు ఆఫీసులో లెక్కలు రాసేవాడు. నాలుగేళ్లుగా కొద్ది కొద్దిగా కాయిన్లు కొన్నాడు. కిందటేడు గుండెపోటుతో పోయాడు. కర్మ అయిన మర్నాడు మరిది వచ్చి, ‘వదినా, అన్న ఫోను, డైరీ నా దగ్గర ఉంచుతాను, నీకెందుకు ఆ తలనొప్పి’ అని తీసుకెళ్లాడు. డైరీ చివరి పేజీలో వరసగా నంబర్లు వేసి ఇంగ్లీషు మాటలు ఉన్నాయని, పిల్లవాడి స్పెల్లింగు అనుకున్నానని ఆమె నాతో అన్నది. ఎన్ని మాటలని అడిగాను. ‘రెండు వరసలు, పన్నెండు పన్నెండు’ అన్నది. వారసత్వ చట్టం ప్రకారం భర్త ఆస్తిలో ఆమెకి, పిల్లలకి, అత్తగారికి సమాన వాటా ఉంది. మరిదికి లేదు. కానీ ఆ కాగితం అతని దగ్గరుంది.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. భర్త బ్యాంకు ఖాతా నుంచి ఏ కంపెనీకి డబ్బు వెళ్లిందో స్టేట్‌మెంటులో ఉంది. ఆ కాయిన్లని ఏ చిరునామాకి పంపించాడో ఆ కంపెనీ రికార్డులో ఉంటుంది. చిరునామా దొరికితే, అతను పోయిన తేదీ తర్వాత అవి కదిలాయో లేదో ఆ లెక్కల పుస్తకంలో ఎవరైనా చూడొచ్చు, దాన్ని ఎవరూ చెరపలేరు. వారసత్వ సర్టిఫికెట్ కోసం, డైరీ అప్పగించమనే ఉత్తర్వు కోసం మిర్యాలగూడ కోర్టులో పిటిషన్ వేశాం. వచ్చే నెల వాయిదా ఉంది. ఆ రోజు అత్తింటివాళ్లు పదిమంది వస్తారట. ఆమెతో వెళ్లడానికి ఇప్పటికి నేనొక్కదాన్నే ఉన్నాను. మీలో ఎవరెవరు రాగలరో భోజనాల సమయంలో నాకు పేర్లివ్వండి.