తలుపు తెరుచుకుంటే చాలదు

2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ శాంతినగర్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కున్న ఆరేళ్ల బాలుడు ఆసుపత్రిలో కన్నుమూశాడు. మరుసటి నెలలో సిరిసిల్లలో, లిఫ్టు రాకముందే తలుపు తెరుచుకోవడంతో అడుగు లోపలికేసిన పోలీసు కమాండెంట్ ఒకరు కిందపడి చనిపోయారు.

ఇలాంటి ప్రమాదం జరగకుండా నల్గొండ, మహబూబ్‌నగర్ లాడ్జీల్లో దిగే పెళ్లివారికైనా, ప్రయాణికులకైనా జాగ్రత్త ఇదే: లోపల లిఫ్టు ఉందో లేదో చూశాకే అడుగేయాలి. మధ్యలో ఆగిపోతే తలుపులు లాగకూడదు. అలారం నొక్కి లోపలే ఉండాలి.

దెబ్బ తగిలితే ముందు 108.

ఆ తర్వాత ఫొటోలు, సాక్షుల ఫోన్ నంబర్లు, గది బిల్లు, ఆసుపత్రి కాగితాలు భద్రపరచాలి. మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోవాలి. నిర్లక్ష్యం కనిపిస్తే పోలీసులకు చెప్పాలి. పరిహారం కోసం రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. సలహా కావాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.